సెలవు ముందు, దేశం తర్వాత

విదేశీ టూర్ అనుకోగానే మనలో ఎక్కువమంది ముందు దేశం పేరు తేల్చుకుంటారు. ఆఫీసులో ఎవరో బాలీ ఫొటోలు పెట్టారు, తోటి టీచర్లు థాయిలాండ్ పోయొచ్చారు, హనుమకొండ చౌరస్తాలో ఫ్లెక్సీ మీద దుబాయ్ ప్యాకేజీ రేటు కనిపించింది. అంతే, దేశం ఖాయం. ఆ తర్వాత దానికి సెలవు వెతుకుతారు, డబ్బు సర్దుతారు, అన్నిటికన్నా చివర పాస్‌పోర్ట్ తీసి చూస్తారు. డబ్బు పోయేది ఈ తిరగబడిన వరుస వల్లే.

జీతం మీద బతికేవాళ్లు ముందు తేల్చుకోవాల్సినవి మూడు. ఏ తేదీల్లో సెలవు దొరుకుతుంది? చేతిలో ఏ కాగితాలున్నాయి? అప్పు చేయకుండా ఎంత ఖర్చు పెట్టగలం? వీటికి జవాబులు రాసుకుంటే దేశాల జాబితా రెండు మూడుకు దిగుతుంది. అప్పుడు ఎంచుకోవడం పెద్ద పని కాదు.

మన సెలవులు, వాళ్ల వానలు

కుటుంబంతో కదలాలంటే మనకు దొరికే పెద్ద సెలవులు మూడే: సంక్రాంతి, వేసవి, దసరా. ఒక్కో సెలవుకు కొన్ని దేశాలు కుదురుతాయి, కొన్ని కుదరవు. ఏజెంట్లు ఈ ముక్క చెప్పరు. వానాకాలంలో హోటల్ రేట్లు తగ్గుతాయి కాబట్టి వాళ్లకు అప్పుడే ప్యాకేజీ చవగ్గా చూపించడం వీలవుతుంది.

దసరాకు వియత్నాం అనుకునేవాళ్లు ముందు మ్యాపు చూడండి. దేశం నడుమ ఉన్న దా నాంగ్, హోయ్ ఆన్, హ్యూలలో అక్టోబర్, నవంబర్ నెలలు భారీ వర్షాలకు, వరదలకు పేరు. ఆ తేదీలే ఖాయమైతే హనోయి వైపు మొగ్గండి. నేపాల్‌కు అక్టోబర్ మంచి నెల, ఆకాశం తేటగా ఉండి కొండలు కనిపిస్తాయి. కానీ మన దసరా రోజుల్లోనే వాళ్లకు దశైన్, అక్కడి అతి పెద్ద పండుగ. ముఖ్యమైన రోజుల్లో ఆఫీసులు, షాపులు మూతపడతాయి, సొంతూళ్లకు పోయేవాళ్లతో బస్సులు కిక్కిరిసిపోతాయి. పోవచ్చు, కాకపోతే ఊరి నుంచి ఊరికి తిరిగే ప్రయాణాలను ఆ రోజుల్లో పెట్టుకోకండి.

సంక్రాంతికి థాయిలాండ్, శ్రీలంక దక్షిణ, పడమటి తీరాలు, దుబాయ్ బాగుంటాయి. కొత్త సంవత్సరం రద్దీ తగ్గాక బయల్దేరితే రేట్లు కొంత దిగుతాయి. అదే జనవరిలో మలేసియా తూర్పు తీరంలోని దీవుల్లో ఈశాన్య రుతుపవనాల వల్ల చాలా రిసార్టులు మూసేస్తారు. కౌలాలంపూర్, పెనాంగ్, లంకావి వైపు ఆ ఇబ్బంది తక్కువ.

వేసవికి బాలీ సరిపోతుంది, అక్కడ మే నుంచి పొడి కాలం. ఫుకెట్, క్రాబీలలో మాత్రం మే నుంచి వానలు మొదలై సముద్రం అలజడిగా ఉంటుంది, పడవ టూర్లు రద్దవుతుంటాయి. శ్రీలంకలో కూడా మే నుంచి నైరుతి వానలు దక్షిణ, పడమటి తీరాల మీద పడతాయి. అప్పుడు ట్రింకోమలీ వైపు వెళ్లాలి. మే నెలలో దుబాయ్ చవగ్గా వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. మన రామగుండం ఎండ తప్పించుకుని అక్కడి ఎండలోకి పోతున్నారు, అంతే.

పాస్‌పోర్ట్ తీసి చూడండి

చాలా దేశాలు ప్రయాణ తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువు అడుగుతాయి. గడువు ఇంకా నాలుగు నెలలుందిలే అనుకుని శంషాబాద్ దాకా పోతే కౌంటర్ దగ్గరే ఆపుతారు, టికెట్ డబ్బు పోతుంది. రెన్యువల్‌కు హైదరాబాద్ పోనవసరం లేదు, వరంగల్‌లోనే పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది. పెద్దవాళ్లకు 36 పేజీల బుక్‌లెట్ ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000. అపాయింట్‌మెంట్, పోలీస్ వెరిఫికేషన్ ఎప్పుడు పూర్తవుతాయో మన చేతిలో ఉండదు. అందుకే పాస్‌పోర్ట్ చేతికి రాకముందు నాన్ రిఫండబుల్ టికెట్ కొనకండి. పిల్లల పాస్‌పోర్ట్ గడువు ఐదేళ్లే కాబట్టి మీది సరిగ్గా ఉన్నా వాళ్లది అయిపోయి ఉండవచ్చు.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తారు. 2022 నవంబర్‌లో యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్ట్‌లతో టూరిస్టు, విజిట్ వీసాల మీద వచ్చేవారిని అనుమతించబోమని చెప్పింది. తర్వాత తండ్రి పేరు లేదా ఇంటిపేరు పాస్‌పోర్ట్ రెండో పేజీలో ఉంటే చాలన్నారు. దుబాయ్ అనుకుంటే ముందు ఇది చూసుకోండి. ఏ దేశానికైనా టికెట్ మీద, వీసా మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఆధార్‌లో ఉన్న స్పెల్లింగ్ అక్కడ లెక్కలోకి రాదు.

ప్రభుత్వ ఉద్యోగులు మరో కాగితం కూడా చూసుకోవాలి. విదేశానికి పోవాలంటే మామూలు సెలవు చీటీ చాలదు, శాఖ నుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఫైలు ఎన్ని టేబుళ్లు తిరగాలో మీకు తెలిసిందే. అనుమతి చేతికొచ్చాకే డబ్బు కట్టండి.

పాస్‌పోర్ట్ లేనివాళ్లకు రెండు దేశాలు

నేపాల్, భూటాన్‌లకు పాస్‌పోర్ట్ లేకపోయినా ఓటరు కార్డుతో పోవచ్చు. ఇక్కడ జరిగే పొరపాటు ఆధార్ పట్టుకుపోవడం. నేపాల్ విమానానికి పెద్దవాళ్లకు ఆధార్ చెల్లదు. 15 ఏళ్ల లోపు, 65 దాటినవారికి మాత్రమే మినహాయింపు ఉంది. ఓటరు కార్డు లేనివాళ్లు పాస్‌పోర్ట్ తీసుకోవడమే మేలు.

వరంగల్‌లో రైలెక్కి నేపాల్ సరిహద్దు దగ్గరిదాకా పోవచ్చు. మనూరి మీదుగా గోరఖ్‌పూర్ పోయే రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ వారంలో కొన్ని రోజులు ఉంటుంది. గోరఖ్‌పూర్ నుంచి సునౌలి సరిహద్దుకు రోడ్డు మీద పోవచ్చు, దాటితే లుంబిని దగ్గరే. అక్కడి నుంచి పోఖరాకు బస్సులున్నాయి. డబ్బు లెక్క కూడా సులువు, మన రూపాయికి వాళ్ల రూపాయి అరవై పైసలు. మన పెద్ద నోట్ల మీద అక్కడ చాలాకాలం ఆంక్షలున్నాయి, నిబంధనలు మారుతూ వస్తున్నాయి కాబట్టి వంద నోట్లు ఎక్కువగా ఉంచుకోండి. అయితే పోను, రాను కలిపి దాదాపు మూడు రోజులు దారిలోనే పోతాయి. పది రోజుల సెలవున్నవాళ్లకే ఈ దారి.

భూటాన్‌లో లెక్క వేరు. 2022 సెప్టెంబర్ నుంచి మనవాళ్లు తలకు రాత్రికి 1,200 రూపాయల చొప్పున అక్కడి ప్రభుత్వానికి సుస్థిరాభివృద్ధి రుసుము కట్టాలి. పిల్లలకు సగం, మరీ చిన్నవాళ్లకు ఉండదు. హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్ టీచరు, భార్య, ఎనిమిదేళ్ల పాపతో ఐదు రాత్రులకు పోతున్నారనుకోండి. రోజుకు 3,000 చొప్పున రుసుమే 15,000 అవుతుంది. గది, బండి, గైడు, తిండి దీనికి అదనం. వీసా లేదు కదా, చవక అనుకున్న దేశంలో ఇది మొదటి బిల్లు. రైల్లో పోతే ఎనిమిది రోజుల సెలవులో దాదాపు నాలుగు రోజులు దారిలోనే. బాగ్‌డోగ్రా దాకా విమానంలో పోతే రోజులు మిగులుతాయి, ఖర్చు పెరుగుతుంది. ఇలాంటి కుటుంబానికి ఆ బడ్జెట్‌లో థాయిలాండ్, మలేసియాల లెక్క కూడా వేసి పక్కపక్కన పెట్టి చూడమని చెబుతాను.

టికెట్ రేటుతో దేశాన్ని ఎంచుకోకండి

టూర్ ఖర్చులో రెండు ముక్కలుంటాయి. ఒకటి, ఎన్ని రోజులున్నా మారనిది: విమానం, వీసా, ఇన్సూరెన్స్, వరంగల్ నుంచి శంషాబాద్ పోను రాను. రెండోది రోజువారీ ఖర్చు: గది, తిండి, లోపల తిరుగుడు, ఎంట్రీ టికెట్లు. ఈ రెంటినీ విడదీసి రాస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఒక జంట దగ్గర 1,20,000 ఉందనుకుందాం. అత్యవసరానికి 12,000 పక్కన పెడితే చేతిలో 1,08,000. మొదటి దేశానికి మారని ఖర్చు 62,000, రోజు ఖర్చు 6,500. రెండో దేశానికి మారని ఖర్చు 40,000, రోజు ఖర్చు 12,000. ఇవి లెక్క చూపించడానికి వేసిన అంకెలు, మీ అంకెలు మీరు వేసుకోండి. మొదటి దేశంలో ఏడు రోజులు ఉండవచ్చు. రెండో దేశంలో ఐదు రోజులు దాటితే అప్పే. నాలుగు రోజులకైతే రెండిటి ఖర్చూ సమానం, 88,000. అంటే సెలవు మూడు రోజులే అయితే టికెట్ చవకైన దేశం నయం. వారం ఉంటే టికెట్ ఖరీదైనా రోజు ఖర్చు తక్కువున్న దేశమే చవక. సింగపూర్, దుబాయ్ లాంటి చోట్ల టికెట్ ఆఫర్ చూసి వారం ప్లాన్ వేసినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

లెక్కలో మనవాళ్లు వదిలేసేది శంషాబాద్ ఖర్చు. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చినా, విదేశానికి మన లెక్క శంషాబాద్ నుంచే వేసుకోవాలి. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు అక్కడుండాలి. కారులో పోతే ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కండి, ఉప్పల్ ట్రాఫిక్ తప్పుతుంది. సికింద్రాబాద్ దాకా రైలు, అక్కడి నుంచి పుష్పక్ బస్సు అన్నిటికన్నా చవక. అర్ధరాత్రి దిగే తిరుగు ప్రయాణానికి మాత్రం టాక్సీ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి.

తేదీ విషయంలో కూడా జాగ్రత్త. 12వ తేదీ 0.40కి విమానం అంటే మీరు ఇంట్లోంచి కదలాల్సింది 11వ తేదీ సాయంత్రమే. ఒక రోజు తేడాతో విమానాశ్రయానికి పోయి టికెట్ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. సెలవు కూడా ఆ లెక్కనే పెట్టండి.

చవక విమానాల్లో చూపించే రేటుకు చేతి సంచి మాత్రమే వస్తుంది, సాధారణంగా ఏడు కిలోలు. పెద్ద బ్యాగుకు టికెట్‌తో పాటే ఆన్‌లైన్‌లో కట్టండి, కౌంటర్ దగ్గరైతే బాగా ఎక్కువ. రెండు వేరువేరు టికెట్లు కొని జోడించడం మరో ఉచ్చు. మొదటి విమానం ఆలస్యమైతే రెండో కంపెనీకి సంబంధం లేదు. బ్యాంకాక్‌లో రెండు విమానాశ్రయాలున్నాయి, సువర్ణభూమి, డాన్ మ్యూయాంగ్. ఒకచోట దిగి మరోచోట ఎక్కాలంటే నగరం దాటాలి. మొదటిసారి పోయేవాళ్లు హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉన్న బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్, కొలంబో, దుబాయ్‌లనే ముందు పరిశీలించండి. కొంచెం ఎక్కువైనా తలనొప్పి తక్కువ.

వీసా: ఫ్రీ అన్నా షరతులుంటాయి

థాయిలాండ్ 2024 జూలైలో మనకు 60 రోజుల వీసా రహిత ప్రవేశం ఇచ్చింది. మలేసియా 2023 డిసెంబర్ నుంచి 30 రోజులకు ఇస్తూ, ఆ సడలింపును 2026 చివరి దాకా పొడిగించింది. ఇవన్నీ ఆయా ప్రభుత్వాలు తమ అవసరం కొద్దీ ఇచ్చినవి, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కాబట్టి టికెట్ కొనే రోజు ఒకసారి, బయల్దేరే వారం ముందు మరోసారి ఎంబసీ వెబ్‌సైట్‌లో చూడండి. రెండు దేశాలకూ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, ప్రయాణానికి మూడు రోజుల లోపు, ఉచితంగా. దానికి డబ్బు అడిగిన వెబ్‌సైట్ దొంగది. వీసా లేకపోయినా ఇమ్మిగ్రేషన్‌లో రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్, ఖర్చుకు డబ్బు చూపమని అడగవచ్చు, ప్రింట్లు చేతిలో ఉంచుకోండి.

వియత్నాం ఈ-వీసా సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు. నలుగురికి 100 డాలర్లు అయితే అది మారని ఖర్చులో వేయాలి. ఇండోనేసియాలో దిగాక తీసుకునే వీసాకు 5 లక్షల రూపియా, బాలీలో అదనంగా 1.5 లక్షల రూపియా టూరిస్టు లెవీ, ఇవి తలకు. యూరప్‌కు తీసుకునే షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, తిరస్కరిస్తే వెనక్కి రాదు. అకౌంట్‌లో కొన్ని నెలల బ్యాలెన్స్, ఐటీ రిటర్నులు, ఆఫీసు నుంచి లెటర్ చూపించాలి. మొదటి టూర్ యూరప్‌కు పెట్టుకోకండి. పాస్‌పోర్ట్ మీద ఒకటి రెండు దేశాల ముద్రలు పడి, రిటర్నులు సక్రమంగా ఉన్నాక ఆ పని చూద్దురు.

ప్యాకేజీ, పన్ను, ఎల్‌టీసీ

పెద్దవాళ్లను తీసుకుపోయేటప్పుడు, శాకాహారం తప్పనిసరైనప్పుడు గ్రూపు ప్యాకేజీ సరైన మార్గమే. అడ్వాన్స్ ఇచ్చేముందు కాగితం మీద రాయించుకోవాల్సినవి ఇవి: విమానం ఏ టైముకు, ఎన్ని కిలోల బ్యాగు, హోటల్ పేరు, ఏ పూట భోజనం లేదు, ఏ టూర్లకు అక్కడ మళ్లీ డబ్బు కట్టాలి, గ్రూపు నిండకపోతే ఏమవుతుంది, మనం మానుకుంటే ఎంత కోస్తారు. ఐదు రోజుల ప్యాకేజీలో అర్ధరాత్రి దిగే రోజు, తెల్లవారుజామున బయల్దేరే రోజు కలిసి ఉంటే అక్కడ తిరిగేది మూడు రోజులే. ప్యాకేజీ ధరను ఆ మూడుతో భాగించి చూడండి.

రేటు పైన జీఎస్‌టీ, టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) ఉంటాయి. 2020 అక్టోబర్ నుంచి విదేశీ ప్యాకేజీ అమ్మేవాళ్లు టీసీఎస్ వసూలు చేయాలి. రేటు, పరిమితులు చాలాసార్లు మారాయి, మీరు కొనే రోజుకు ఎంతో బిల్లులో చూడండి. అది పోయే డబ్బు కాదు. మీ పాన్ నంబరు సరిగ్గా ఇస్తే ఆదాయపు పన్ను పోర్టల్‌లో కనిపిస్తుంది, రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది లేదా రిఫండ్ వస్తుంది. కుటుంబం మొత్తానికి కట్టింది మీరైతే బిల్లు మీ పాన్ మీదే ఉండాలి. ఇంకొకటి: విదేశీ ప్రయాణాల మీద ఏడాదిలో 2 లక్షలు దాటి ఖర్చు పెడితే, ఆదాయం పన్ను పరిధిలో లేకపోయినా రిటర్న్ వేయాలి. చిన్న వ్యాపారాలు చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఎల్‌టీసీతో (ఉద్యోగులకిచ్చే ప్రయాణ రాయితీ) విదేశం చుట్టి రావచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. స్టేట్ బ్యాంకు ఉద్యోగులు కొందరు అలా చేశారు. ఒకరు ఢిల్లీ నుంచి మదురైకి అని చూపి కొలంబో, కౌలాలంపూర్, సింగపూర్‌ల మీదుగా తిరిగొచ్చారు. ఆ మొత్తానికి పన్ను మినహాయింపు వర్తించదని, బ్యాంకు టీడీఎస్ కోయాల్సిందని 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఎల్‌టీసీ దేశంలోపల ప్రయాణానికే.

డబ్బు ఎక్కడి నుంచి, ఎలా

చిట్టీ ఎత్తి టూర్ పోదామనుకుంటారు. మొదటి నెలల్లో పాట పాడితే కోత ఎక్కువ, ఆ కోత కూడా టూర్ ఖర్చే. పర్సనల్ లోను, ‘ఇప్పుడు పోండి, తర్వాత కట్టండి’ ఈఎంఐలు కూడా అంతే. ఐదు రోజుల టూర్‌కు ఏడాది పాటు జీతంలో కోత పడుతుంది, ఆ ఏడాదిలో పిల్లల ఫీజులూ వస్తాయి. చిట్టీ గడువు దగ్గరపడ్డాకే డబ్బు తీసుకుని, ఆ తర్వాతి సెలవుకు ప్లాన్ వేయండి.

అక్కడ ఖర్చుకు కొంత నగదు, మిగతాది ఫారెక్స్ కార్డులో పెట్టుకోండి. మామూలు క్రెడిట్ కార్డు మీద విదేశీ లావాదేవీకి చాలా బ్యాంకులు 3.5 శాతం దాకా, దానిపై జీఎస్‌టీ తీసుకుంటాయి. విమానాశ్రయం కౌంటర్లలో డాలర్లు మార్చుకుంటే రేటు తేడాలోనే నష్టపోతారు. యూపీఐ భూటాన్, నేపాల్, శ్రీలంక, మారిషస్, సింగపూర్ లాంటి చోట్ల కొన్ని షాపుల్లో పనిచేస్తుంది, కానీ దాన్నే నమ్ముకుని పోకండి. వియత్నాంలో 20 వేలు, 5 లక్షల డాంగ్ నోట్లు రెండూ నీలంగానే ఉంటాయి, చీకట్లో టాక్సీవాడికి ఇచ్చేటప్పుడు సున్నాలు లెక్కపెట్టండి.

ఇన్సూరెన్స్ మానకండి, మొత్తం ఖర్చులో అది చిన్న భాగం. బాలీలో, ఫుకెట్‌లో స్కూటర్ అద్దెకు తీసుకునేవాళ్లు బైకు లైసెన్స్, ఆర్టీఏ నుంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ దగ్గర ఉంచుకోండి. అవి లేకుండా ప్రమాదం జరిగితే క్లెయిమ్ తిరస్కరిస్తారు. సామాను సర్దేటప్పుడు ఇంట్లోవాళ్లకు చెప్పండి: యూఏఈ, సింగపూర్‌లకు గసగసాలు నిషిద్ధం, వాటిని కలిపిన మసాలా పొడి కూడా వద్దు. నొప్పి, దగ్గు మందుల్లో కొన్నిటికి గల్ఫ్‌లో అనుమతి ఉండదు, ప్రిస్క్రిప్షన్ లేకుండా పట్టుకుపోకండి.

ఆఫీసులో చూసుకోవాల్సినవి

సెలవు మేనేజర్ నోటిమాట మీద నమ్మి టికెట్ కొనకండి. సిస్టమ్‌లో అప్రూవ్ అయ్యాక, లేదా మెయిల్ వచ్చాక కొనండి. క్వార్టర్ ఎండ్, ఆడిట్, పరీక్షల డ్యూటీ, రిలీజ్ తేదీలు ముందే చూసుకుని, మీ పని ఎవరు చూస్తారో మీరే ప్రతిపాదిస్తే అనుమతి తొందరగా వస్తుంది.

మడికొండ ఐటీ పార్కులో పనిచేసేవాళ్లకు ఒక మాట. అవసరమైతే అక్కడి నుంచి లాగిన్ అవుతానని మాటిచ్చి ఆఫీసు ల్యాప్‌టాప్ పట్టుకుపోకండి. చాలా కంపెనీల్లో విదేశం నుంచి లాగిన్‌కు ముందస్తు అనుమతి కావాలి. అది లేకుండా వేరే దేశం నుంచి కనెక్ట్ అయితే అకౌంట్ లాక్ అవుతుంది, సెక్యూరిటీ టీమ్ నుంచి ఎస్కలేషన్ వస్తుంది. సిక్ లీవ్ పెట్టి పోవడం ఇంకా పెద్ద తప్పు. పాస్‌పోర్ట్ మీద ముద్ర, ఇన్‌స్టాలో ఫొటో రెండూ మీకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతాయి.

ఉద్యోగం వెతుకుతున్న తమ్ముళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. టూరిస్టుగా బ్యాంకాక్ రండి, అక్కడ డేటా ఎంట్రీ ఉద్యోగం, టికెట్ మేమే ఇస్తాం అనే మాట వింటే ఆగిపోండి. అలా పోయినవాళ్లను సరిహద్దు దాటించి మయన్మార్‌లోని సైబర్ మోసాల కేంద్రాల్లో పనిచేయించారు. 2025 మార్చిలో భారత ప్రభుత్వం థాయిలాండ్‌లోని మే సోట్ మీదుగా రెండు విమానాల్లో 540 మందికి పైగా వెనక్కి తెచ్చింది. వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. టూరిస్టు ప్రవేశంతో ఎక్కడా ఉద్యోగం చేయకూడదు.

ఇక పని మొదలుపెట్టండి

ఈ వారం ఇంట్లో అందరి పాస్‌పోర్ట్‌ల గడువు, పేర్లు ఒక కాగితం మీద రాయండి. వచ్చే ఏడాది సెలవు తేదీలు పక్కన వేయండి. ఆ నెలలో వాన లేని దేశాలు మూడు తీసుకుని, మారని ఖర్చు, రోజు ఖర్చు విడివిడిగా లెక్క కట్టండి. మీ బడ్జెట్‌లో పదో వంతు పక్కన పెట్టాక మీ సెలవంతా ఏ దేశంలో గడపగలరో అదే మీ దేశం. మూడింటిలో ఏదీ కుదరకపోతే రోజులు తగ్గించండి, లేదా ఒక సెలవు ఆగండి. తిరిగొచ్చాక డ్యూటీలో చేరేముందు ఒక రోజు ఇంట్లో ఉండేలా సెలవు పెట్టండి, అర్ధరాత్రి శంషాబాద్‌లో దిగి పొద్దున తొమ్మిదికి ఆఫీసులో కూర్చుంటే ఆ రోజు చేసే పనిలో తప్పులే మిగులుతాయి. బిల్లులు, టీసీఎస్ సర్టిఫికెట్ మాత్రం రిటర్న్ వేసేదాకా పారేయకండి.